నూట ఇరవై ఎడమ చేతులు

ఇంద్రాణి మేడం ముఖం నలుగురిలో మాడిపోతే చూడాలని ఆ ఎండాకాలమంతా కాచుకుని కూర్చున్నాను. మార్చి మొదట్లో రాజుకున్న కోపం మే రెండో వారం దాకా ఒక్క పిసరు కూడా తగ్గలేదు. పైన ఎండలు, లోపల నేను. చివరికి చూశాను. చూసినందుకు ఇవాళ్టికీ నాకు పశ్చాత్తాపం లేదు, ముందే చెబుతున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి, బ్యాగుల కొట్ల పక్క సందులోకి మళ్ళితే రెండో అంతస్తులో ఆమె అల్లికల స్టూడియో ఉండేది. కింద కోచింగ్ సెంటర్, పైన మేము. మూడేళ్ళుగా నేనక్కడ అల్లిక నేర్పుతున్నాను. మాది పోచంపల్లి నేత కుటుంబం. సరూర్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఉంటాం. మా ఆయన నరేష్‌కుమార్ చీరల దుకాణంలో పనిచేస్తాడు. అత్తమ్మ కౌసల్య, మామ బ్రహ్మం మాతోనే ఉంటారు.

ఫిబ్రవరిలో వెంకట్రావు గారనే ఆయన స్టూడియోకి వచ్చారు. ఎల్బీ నగర్‌లో ఉంటారు. ఏటా మే నెలలో అరవై మంది పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని కేదార్, బదరీ యాత్రకు తీసుకెళ్తారు.

"కిందటేడు మావాళ్ళందరూ బజార్లో కొన్న గ్లవ్స్ వేసుకొచ్చారండీ. తడిస్తే ఆరవు, ఆరితే వెచ్చగా ఉండవు. పైకెళ్ళేసరికి ఒకావిడకి వేళ్ళు కొయ్యబారిపోయి, గుడి ముందు నిలబడి దణ్ణం పెట్టడానికి చేతులు కలవలేదు. ఏడ్చేసిందండీ. ఈసారి మందంగా, చేత్తో అల్లినవి కావాలి. అరవై జతలు."

"మీరు నిశ్చింతగా వెళ్ళండి. ఎక్కడా దొరకని డిజైన్ చేయిస్తాను," అంది ఇంద్రాణి. ఆయన మెట్లు దిగారో లేదో నా వైపు తిరిగింది. "ఏం చేయిద్దాం ప్రసన్నా?"

ఆమె అంతే. మాట ఇచ్చేది ఆమె, ఆలోచించేది మేము.

బ్రియోష్ అల్లిక మంచిదన్నాను. అందులో ఒక కుట్టు అల్లి, పక్కదాన్ని అల్లకుండా దాని మీదుగా ఊలు వేసి వదిలేస్తాం. తర్వాతి వరుసలో ఆ రెండింటినీ కలిపి అల్లుతాం. ప్రతి కుట్టుకూ దుప్పటి కప్పినట్టే. మామూలు అల్లిక కంటే చాలా ఎక్కువ ఊలు తింటుంది, అంతకంత వెచ్చగానూ ఉంటుంది. తప్పు పోతే మాత్రం విప్పుకోవడం నరకం. చేతి వెనక భాగం మీద మెలికలు తిరిగే కేబుల్ పెడదామన్నాను. మా దగ్గర ఆడవాళ్ళు దాన్ని జడ అంటారు. వేళ్ళు విడివిడిగా ఉండవు, నాలుగు వేళ్ళకూ ఒకటే సంచి, బొటనవేలికి మాత్రం వేరే.

"జడ ఎలా మెలిపెట్టాలో ఎవరు గీస్తారు?" అంది.

"మా మామ గీస్తడు మేడం," అన్నాను. అన్న నోటిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

మామ పోచంపల్లిలో చీరల డిజైన్లు గీసేవాడు. గ్రాఫ్ కాగితం మీద ఆయన గీసిన ఏనుగులూ చిలకలూ ఎన్ని మగ్గాల మీదికి ఎక్కాయో లెక్కలేదు. నాలుగేళ్ళ కింద కుడిచెయ్యి వణకడం మొదలైంది. దవాఖానల చుట్టూ తిరిగాం, మందులు మింగాడు, చెయ్యి మాత్రం నిలవలేదు. ఆ రోజు పెట్టెలో పెట్టిన పెన్సిలు మళ్ళీ తీయలేదు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చునేవాడు.

నేను అరచేయంత ముక్క బ్రియోష్ అల్లి తెచ్చి ఒళ్ళో పెట్టాను. మెరూన్, మీగడ, రెండు రంగుల ఊలుతో అల్లింది. ఆయన దాన్ని గుంజాడు, వదిలాడు, వెలుతురుకు పట్టాడు, తిరగేశాడు. ముందు వైపు మెరూన్ గీతలు పైకి ఉంటే, వెనక మీగడ రంగు గీతలు పైకి ఉన్నాయి.

"గిది మంచిగున్నది బిడ్డా," అన్నాడు. "ఏ దిక్కు చూసినా సూటిగున్నది."

"మీరు జడ గీయాలె మామా. అరవై మంది యాత్రకు తొడుక్కొని పోతరు."

కుడిచెయ్యి ఎత్తి నాకు చూపించాడు. అది వణుకుతూనే ఉంది.

"ఎడమ చెయ్యితోని దాన్ని పట్టుకొని గీయున్రి. నాకేం తొందర లేదు," అన్నాను.

పన్నెండు రోజులు పట్టింది. పొద్దున్నే స్నానం చేసి, కుడి మణికట్టును ఎడమచేత్తో బల్లకు అదిమి, ఒక్కొక్క గడి నింపేవాడు. ఒక్కోసారి పెన్సిలు జారి గీత పక్క గడిలోకి పోయేది. రబ్బరుతో చెరిపి మళ్ళీ మొదలుపెట్టేవాడు. అత్తమ్మ టీ గ్లాసు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడేది, లోపలికి వెళ్తే ఎక్కడ ఆగిపోతాడో అని. నాలుగేళ్ళలో ఆ మనిషి అన్నానికి తనంతట తాను లేచి వచ్చింది ఆ పన్నెండు రోజులే.

అయితే ఆయన గీసింది ఒక్క చేతికే. మా ఇళ్ళల్లో ఎవరూ పూర్తి డిజైన్ గీయరు. చీరకు సగమే గీస్తారు. నూలు చుట్టే ఆసు చట్రం మీద పోగులు మడతపడేటప్పుడు మిగతా సగం దానంతటదే వస్తుంది. మొత్తం గీసేవాడిని చూసి నవ్వుతారు కూడా. మామ అదే అలవాటుతో ఎడమచేతి తొడుగు గీశాడు. కుడిదానికి ఆ కాగితాన్నే తిరగేసి, కిటికీ వెలుతురుకు పట్టి, వెనకవైపు నుంచి చదవాలి. బొటనవేలు ఆ పక్క నుంచి ఈ పక్కకు వస్తుంది, జడ మెలిక ఎదురు తిరుగుతుంది. నేను ఎడమ తొడుగు కాగితం చూసి అల్లాను, కుడి తొడుగు కాగితం వెనక చూసి అల్లాను. కుడిదాన్ని మామ తన చేతికి తొడుక్కుని, తియ్యమంటే తియ్యలేదు. లోపల చెయ్యి వణుకుతున్నా బయటికి తెలియడం లేదు మరి.

స్టూడియోకి తానే వస్తానన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితాన్ని పాత క్యాలెండర్‌లో చుట్టుకుని, ఎడమ తొడుగు ఒక్కటీ జేబులో పెట్టుకుని, రెండంతస్తులు ఆగి ఆగి ఎక్కాడు. ఇంద్రాణి కాఫీ తెప్పించింది. గ్లాసు పట్టుకోగానే సగం చొక్కా మీద పడింది. ఆమె ముక్కు కొంచెం ముడుచుకోవడం నేను చూశాను.

"అద్భుతంగా ఉందండీ బ్రహ్మంగారూ!" అంటూ తొడుగును నమూనాకని తన దగ్గర పెట్టుకుని, కాగితానికి ఫోన్‌తో ఫోటో తీసుకుంది. "ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి. ఇక్కడైతే నలిగిపోతుంది."

"అమ్మా, రెండో చెయ్యికి ఎట్ల జెయ్యాల్నంటే..." అని మామ మొదలుపెట్టాడు.

ఆమెకు ఫోన్ వచ్చింది. వేలు చూపించి ఒక్క నిమిషం అని బాల్కనీలోకి వెళ్ళింది. పావుగంట చూశాం. అక్కడి నుంచే చెయ్యి ఊపి మళ్ళీ కలుద్దామన్నట్టు సైగ చేసింది. మెట్లు దిగుతూ మామ నా భుజం పట్టుకున్నాడు.

"ఆమెకు నువ్వు చెప్పు బిడ్డా, రెండో చెయ్యి సంగతి. మర్చిపోకు."

"చెప్త మామా," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే చెబుదామనుకున్నాను.

నాలుగో రోజున మధ్యాహ్నం అత్తమ్మ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "ప్రసన్నా, గిది మీ మామ గీసిన జడనే గద? గీమె ఏమంటున్నదో జర విను."

ఇంద్రాణి వీడియో అది. పట్టుచీర కట్టుకుని, మామ తీసుకెళ్ళిన ఎడమ తొడుగును పట్టుకుని, నవ్వుతూ చెబుతోంది. చిన్నప్పుడు రాజమండ్రిలో పడవ మీద వెళ్తుంటే గోదావరి సుడులు చూసిందట. ఆ సుడులే ఇన్నేళ్ళకు ఆమె చేతుల్లో జడగా మారాయట. పేరు 'ఇంద్రాణి గోదావరి జడ'. మా ఇంటి కిటికీ పక్కన పన్నెండు రోజులు మణికట్టు అదిమిపెట్టి గీసిన గడులు ఆమెకు గోదావరిలో కనిపించాయన్నమాట.

మామ వెనకే నిలబడి చూశాడని మాకు తెలియదు. కుర్చీ దగ్గరికి వెళ్ళి, కుడిచేతి తొడుగు తీసి, పెన్సిలుతో పాటు పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఆ రోజు అన్నానికి నేనే మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

మర్నాడు ఇంద్రాణిని అడిగాను. గొంతు పెంచకుండానే అడిగాను. "మేడం, జడ మా మామ గీసిండు. వీడియోల పేరు చెప్పలేదేంది?"

"చూడమ్మాయ్, గళ్ళు నింపినంత మాత్రాన డిజైనర్ అయిపోతారా?" అంది, రిబ్బన్లు కత్తిరిస్తూ. "ఆర్డర్ నాది, ఆలోచన నాది. పెద్దాయన కాలక్షేపానికి రెండు గీతలు గీశారు, సంతోషం. అయినా ఆ చేతిలో కాఫీ గ్లాసే నిలవదు. ఆ పేరు చెబితే ఎవరైనా ఆర్డర్ ఇస్తారా? నువ్వే చెప్పు."

ఉద్యోగం మొహాన కొట్టి వచ్చేద్దామనుకున్నాను. నరేష్ కూడా అదే అన్నాడు. "మానెయ్ ప్రసన్నా. మనకేం తక్కువైంది?" కానీ మానేస్తే ఆమెకేమవుతుంది? ఇంకొకర్ని పెట్టుకుంటుంది. నేను మానలేదు. పొద్దున్నే వెళ్ళి "గుడ్ మార్నింగ్ మేడం" అంటూ, ఆమె పీక నొక్కడానికి దారి వెతుక్కుంటూ కూర్చున్నాను.

దారి ఆమే చూపించింది. నన్ను తొడుగుల పని నుంచి తప్పించి సెలవుల్లో వచ్చే పిల్లల క్లాసుకు మార్చింది. పన్నెండు మంది ఆడవాళ్ళతో వాట్సాప్ గ్రూప్ పెట్టి, మామ కాగితం ఫోటో అందులో వేసింది. ఒక్కొక్కరు ఇంటి దగ్గర కూర్చుని పది అల్లాలి. 'అందరూ ఈ ఫోటో చూసి అల్లండి, ఒక్క గడి కూడా మారకూడదు' అని కింద మెసేజ్.

గ్రూప్‌లో నేనూ ఉన్నాను. ఫోటో తెరిచి రెండుసార్లు చూశాను. కాగితానికి వెనకవైపు ఉంటుంది. ఫోటోకు ఉండదు. పన్నెండు మందీ ఎడమచేతి తొడుగులే అల్లుతారు. నూట ఇరవై ఎడమ చేతులు!

ఒక్క మాట చెబితే చాలు. ఫోన్లోనే ఆ ఫోటోను అద్దంలోలా తిప్పి పెట్టవచ్చు, నిమిషం పని. నేను ఫోన్ బోర్లా పెట్టి పిల్లలకు మొదటి ముడి వేయడం నేర్పాను.

ఆ వారం మామ అడిగాడు. వీడియో చూశాక ఆయన ఆ విషయం ఎత్తడం అదే మొదలు. "ఆమెకు రెండో చెయ్యి సంగతి చెప్పినవా?"

"చెప్పిన మామా."

"మంచిది. పేరుదేమున్నది, పనైతే సరిగ్గుండాలె గద."

ఏప్రిల్‌లో ఎండ నలభై రెండు దాటింది. కరెంటు పోయి వస్తుండేది. చెమటకు ఊలు వేళ్ళకు అతుక్కుంటోందని, ఒళ్ళంతా దురద పెడుతోందని గ్రూప్‌లో ఆడవాళ్ళు గోల పెట్టేవారు. అయినా వారం వారం తొడుగులు తెచ్చి ఇచ్చేవారు. ఇంద్రాణి వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి, రిబ్బన్ చుట్టి, కవర్లో వేసి అంటించేది. రెండు ఎడమవి ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత చక్కగా కుదురుతాయో! రెండు జడలూ పైకే ఉంటాయి, బొటనవేలు మీద బొటనవేలు. నిజమైన జత అలా కుదరదు. ఆమె వాటిని చూసి మురిసిపోయేది. ఒక్కసారి రెండు చేతులకూ తొడుక్కుని చూస్తే తెలిసిపోయేదే. కానీ ఏప్రిల్ నెలలో, ఫ్యాన్ లేని దిల్‌సుఖ్‌నగర్ మేడ మీద, ఉన్ని తొడుగులు ఎవరు తొడుక్కుని చూస్తారు?

ఒక్కరు చూశారు. హయత్‌నగర్ అండాలమ్మ. అరవై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటుంది, ఏ పనైనా రెండుసార్లు సరిచూసుకుంటేగానీ పక్కకు పెట్టదు. రెండు తొడుగులు సంచిలో వేసుకుని, మధ్యాహ్నం ఎండలో రెండు బస్సులు మారి నా కోసం మా ఇంటికి వచ్చింది. మామ లోపల నిద్రపోతున్నాడు.

"బిడ్డా, నాకేదో తేడా కొడుతున్నది," అంటూ రెండూ తొడుక్కుని చేతులు చాచింది. ఎడమచేతికి అచ్చంగా సరిపోయింది. కుడిచేతికి జడ అరచేతిలోకి వచ్చింది. "రెండు ఒక్క చెయ్యియే గావట్టె. మేడమ్‌ను అడుగుదామంటే కసురుకుంటది. నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. నేనే తప్పల్లిన్నా?"

గడప బయట చెప్పులు కూడా పూర్తిగా విడవలేదామె. మొహం మీద చెమట కారుతోంది. నేను మంచినీళ్ళు ఇచ్చాను. నీళ్ళు తాగేంతసేపు ఆలోచించాను. ఇప్పుడు నిజం చెబితే ఆమె గ్రూప్‌లో అందరికీ చెబుతుంది. నెల టైముంది, ఇంద్రాణి అన్నీ సరిచేయించుకుని మళ్ళీ పట్టుచీర కట్టుకుని గోదావరి కబుర్లు చెబుతుంది.

"తప్పేం లేదు పెద్దమ్మా," అన్నాను. "మీకు ఎడమవి ఇచ్చిన్రు. కుడివి ఇంకో గ్రూపోళ్ళు అల్లుతున్నరు. ఆఖరికి మేడం జత చేస్తది."

ఆమె ముఖం తేటపడింది. "గట్లనా! నా మతి మండ. ఒట్టిగ పరేషానైన. కొందరు గిదే అడుగుతున్నరు బిడ్డా, నేను వాళ్ళకు గూడ చెప్త."

చెప్పింది. గ్రూప్‌లో కాదు, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి. పెద్దమనిషి చెప్పిందని అందరూ నమ్మారు. ఎవరికి వారు తమవి ఎడమవనీ, కుడివి ఇంకెవరో అల్లుతున్నారనీ అనుకున్నారు. నేను రోజూ గ్రూప్ తెరిచి చూసి, మూసేసేదాన్ని. అబద్ధం ఆడినందుకు ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టలేదని చెబితే అది ఇంకో అబద్ధం. హాయిగా నిద్రపోయాను.

మే రెండో వారం, యాత్ర బయల్దేరే రోజు. పొద్దున ఆరింటికి ఎల్బీ నగర్ మెట్రో దగ్గర బస్సు ఆగి ఉంది. తొడుగుల పంపకం అక్కడే పెట్టింది ఇంద్రాణి. బస్సుకు ఆమె ఫోటోతో బ్యానర్ కట్టించింది. ఫోన్ స్టాండు మీద నిలబెట్టి లైవ్ వీడియో పెట్టింది. అల్లిన ఆడవాళ్ళను కూడా ఫోటో కోసం రమ్మంది.

నేను మామను తీసుకెళ్ళాను. "ఎందుకు బిడ్డా?" అన్నాడు. "మీరు గీసింది అరవై మంది తొడుక్కుంటరు. చూడొద్దా?" అన్నాను. నా కసికి ఆయన సాక్షిగా కావాలి. ఆమె నలుగురిలో నవ్వులపాలవుతుంటే ఆయన ముందు వరసలో నిలబడి చూడాలి.

వెంకట్రావు గారు మొదటి కవర్ ఒక పెద్దావిడ చేతిలో పెట్టారు. "తొడుక్కోండమ్మా, కెమెరా వైపు చూసి దణ్ణం పెట్టండి," అంది ఇంద్రాణి. ఆవిడ ఎడమది తొడుక్కుంది. కుడిది తొడుక్కుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. దణ్ణం పెడితే ఒక చేతి జడ బయటికి, రెండో చేతి జడ లోపలికి ఉంది.

"ఇదేంటమ్మా, రెండూ ఒక చేతివే ఇచ్చారు?"

ఇంకో కవర్ చింపారు. అదీ అంతే. పది చింపారు. జనం బస్సు మెట్లు దిగి మూగారు. ఎవరో నవ్వారు, ఇంకెవరో తిట్టారు.

"మేడమ్ గారూ, అన్నీ ఎడమచేతివేనండీ!" వెంకట్రావు గారి గొంతు పైకి లేచింది. "కుడిచేతులతో ఏం చేసుకోమంటారు మావాళ్ళని?"

లైవ్ నడుస్తూనే ఉంది. ఇంద్రాణి ముఖంలో రంగు దిగడం నేను కళ్ళారా చూశాను. రెండు నెలలకు పైగా ఎదురుచూసింది దీనికే. ఎంత బాగుందో! ఆ క్షణం ఇంకాస్త సాగితే బాగుండుననుకున్నాను.

సాగింది. "మావి ఎడమవేనని అండాలమ్మ చెప్పింది మేడం," అంది అల్లినవాళ్ళలో ఒకావిడ. ఇంద్రాణి అండాలమ్మ మీద విరుచుకుపడింది.

"అందరికీ పెద్దరికం వెలగబెట్టింది నువ్వే కదా! ఇలాగే అల్లమని ఫోన్లు చేసి చెప్పావట. నా స్టూడియో పరువు తీయడానికే వచ్చావా? కళ్ళు కనపడకపోతే ఇంట్లో కూర్చోవాలి గానీ!"

అరవై మంది అండాలమ్మను చూశారు. అండాలమ్మ నన్ను చూసింది. తిట్టినట్టు కాదు, అడిగినట్టు చూసింది. నేను చెప్పిన మాట నేనే ఒప్పుకుంటానేమోనని చూసింది. నేను బస్సు బ్యానర్ వైపు చూపు తిప్పుకున్నాను. ఒప్పుకుంటే ఇంద్రాణి తప్పించుకుంటుంది, నా మీదికి తోసేస్తుంది. అంతే ఆలోచించాను. అండాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. నా పేరు చెప్పలేదు.

మామ నా పక్క నుంచి ముందుకు కదిలాడు.

ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఒక్కపారి గది ఇటియ్యి," అని కుడిచేతి తొడుగు తీసుకున్నాడు. వణికే చేత్తోనే లోపలికి వేళ్ళు పోనిచ్చి, దాన్ని బయటికి లాగడం మొదలుపెట్టాడు. కొంచెంసేపు పట్టింది. బొటనవేలి సంచి లోపలే ఇరుక్కుంటే జేబులోని పెన్నుతో మెల్లగా తోశాడు. తొడుగు మొత్తం తిరగబడింది. మెరూన్ జడ లోపలికి పోయి, మీగడ రంగు జడ పైకి వచ్చింది. లోపల దాచిన ఊలు కొసలు రెండు బయట వేలాడుతున్నాయి. ఆవిడ కుడిచేతికి తొడిగాడు. అచ్చంగా సరిపోయింది. జడ చేతి వెనక్కి, బొటనవేలు బొటనవేలి దగ్గరికి వచ్చాయి.

ఆవిడ రెండు చేతులూ కలిపి చూసుకుంది. ఒక చేతి మీద మెరూన్ జడ, ఒక చేతి మీద మీగడ జడ. "భలే ఉందండీ!" అంది.

"ఎలా తెలిసిందండీ మీకు?" అన్నారు వెంకట్రావు గారు.

"గీసింది నేనే గద సార్," అన్నాడు మామ. గొప్పకు కాదు. అడిగారు కాబట్టి చెప్పాడు.

వెంకట్రావు గారు బ్యానర్ వైపు చూశారు, తర్వాత ఇంద్రాణి వైపు. "మీరు గోదావరి మీద చూసి గీశానన్నారు కదండీ?"

ఆమె ఫోన్ స్టాండు దగ్గరికి పోయి లైవ్ ఆపేసింది. ఆపేలోపు చూడాల్సినవాళ్ళు చూశారు. ఇంత బాగా నేను కూడా ప్లాన్ వెయ్యలేకపోయేదాన్ని.

తర్వాత అరగంట మేమందరం బస్సు మెట్ల మీదా ఫుట్‌పాత్ మీదా కూర్చుని, అరవై తొడుగులు తిరగేసి, సూదులతో కొసలు లోపలికి దూర్చాం. అండాలమ్మ నా పక్కన కూర్చోలేదు. బస్సు ఆలస్యంగా కదిలింది. కిటికీల్లోంచి కొందరు చేతులు ఊపారు. ఎండ అప్పటికే ఎక్కింది.

ఆటోలో నేను ఆగలేకపోయాను. "చూసిన్రా మామా ఆమె మొకం! మీ పేరు మింగుదామనుకున్నది, మింగుడు పడలే."

ఇంటి ముందు దిగాక, గేటు పట్టుకుని నిలబడి అడిగాడు. "అండాలమ్మకు గట్ల అల్లమని ఎవరు చెప్పిన్రు?"

అబద్ధం చెబుదామనే అనుకున్నాను. ఆయన కళ్ళల్లోకి చూశాక ఆ మాట రాలేదు. "నేనే."

"నాకు గూడ ఆమెకు చెప్పిన అన్నవ్."

"మీ కోసమే చేసిన మామా. ఆమె మిమ్మల్ని ఎంత మాటన్నదో మీకు తెల్వది. కాఫీ గ్లాసు గూడ నిలవదన్నది."

"నిలవదు గద మరి," అన్నాడు. చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. "ఆమె నా గీత ఎత్తుకపోయింది బిడ్డా. పోతే పోయింది, ఇంకోటి గీస్త. నువ్వు నా గీత పట్టుకొని ఒక ముసల్దానికి అబద్ధం చెప్పినవ్."

లోపలికి వెళ్ళిపోయాడు. అత్తమ్మ గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది. నాకేసి చూసి, ఆయన వెనకే వెళ్ళింది.

జూన్‌లో వానలు పడ్డాయి. ఇంద్రాణి వీడియో తీసేసింది. స్టూడియోలో సగం మంది మానేశారని విన్నాను. నేనైతే యాత్ర బస్సు కదిలిన రోజే మానేశాను. వెంకట్రావు గారు యాత్ర నుంచి తిరిగి రాగానే నేరుగా మా ఇంటికే వచ్చారు. గుడి ముందు అందరూ చేతులు కలిపి దణ్ణం పెట్టారని చెప్పి, వచ్చే ఏడాదికి కుళ్ళాయిలు కూడా గీయమని మామను అడిగారు. నేను కోరుకున్నదంతా జరిగింది. అండాలమ్మ ఇంటికి వెళ్ళి తప్పయిందని చెప్పి వచ్చాను. ఆమె టీ పెట్టి ఇచ్చింది. "పోనీలే బిడ్డా," అంది.

మామ మళ్ళీ పెన్సిలు తీశాడు. ఈసారి తొమ్మిది రోజులే పట్టింది. గీయడం అయ్యాక కాగితం అందుకుందామని చెయ్యి చాచాను. ఆయన దాన్ని మడత పెట్టి, "అండాలమ్మను పిలువు," అన్నాడు.

ఆమె వచ్చింది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. ఆమె గడులు లెక్కపెడుతూ సూదుల మీద ఊలు ఎక్కిస్తోంది. నేను టీ పట్టుకుని వెళ్ళాను. మెలిక తిరిగే చోట ఆమె లెక్క తప్పింది. అలవాటుగా తలెత్తి నా వైపు చూసింది.

"ఇక్కడ ముందుకా వెనకకా బిడ్డా?"

నాకు తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాను.

"ఆమెను అడగకు అండాలమ్మా," అన్నాడు మామ, కాగితం మీంచి తల ఎత్తకుండానే. "నన్నడుగు."

కోపంగా కూడా అనలేదు. నేను టీ గ్లాసులు కిటికీలో పెట్టి లోపలికి వచ్చేశాను.